స్కైరిమ్ వర్సెస్ స్టార్‌ఫీల్డ్: 1000 గ్రహాలు ఒక్క కొండదారి ముందు ఎందుకు తేలిపోయాయి?

మా బాబాయ్ కొడుకు ఈ మధ్యే కొత్త పీసీ బిల్డ్ చేయించుకున్నాడు. విండోస్ పడగానే నాకు ఫోన్ చేశాడు. "అన్నా, స్కైరిమ్ పాతదైపోయింది కదా, డైరెక్ట్‌గా స్టార్‌ఫీల్డ్‌తో మొదలెట్టేయనా?"

వాడి లాజిక్ సింపుల్. రెండూ బెథెస్డా గేమ్ స్టూడియోస్ తీసినవే. రెండింటికీ డైరెక్టర్ టాడ్ హోవార్డే. ఒకటి 2011ది, ఇంకొకటి 2023ది. మధ్యలో 12 ఏళ్లు. ఫోన్లు కొనేటప్పుడు మనమూ ఇలాగే ఆలోచిస్తాం: కొత్త మోడల్‌లో ర్యామ్ ఎక్కువ, కెమెరా బెటర్, ఇక పాతది ఎందుకు?

గేమ్స్ దగ్గర మాత్రం ఈ లెక్క తప్పుతుంది. ఎందుకు తప్పుతుందో వాడికి ఫోన్‌లో అరగంట చెప్పాను. అదే ఇక్కడ కాస్త పద్ధతిగా రాస్తున్నా. కథల ముగింపులు ఎక్కడా చెప్పడం లేదు, భయం లేకుండా చదవండి.

ముందు స్పెక్ షీట్ చూద్దాం

స్కైరిమ్ 2011 నవంబర్ 11న వచ్చింది. కత్తులు, మంత్రాలు, డ్రాగన్లు ఉన్న ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేమ్. అప్పట్లో అది పీసీతో పాటు ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3 మీద కూడా నడవాలి. ఎక్స్‌బాక్స్ 360లో మొత్తం ర్యామ్ ఎంతో తెలుసా? 512 ఎంబీ. మీ జేబులో 8 జీబీ ఫోన్ ఉంటే అందులో ఉన్నది దానికి 16 రెట్లు. అంత తక్కువ మెమరీలో కొండలు, నదులు, ఊళ్లు, 150కి పైగా గుహలు, శిథిలాలు ఉన్న ఒక రాజ్యాన్ని ఇరికించారు.

స్టార్‌ఫీల్డ్ 2023 సెప్టెంబర్ 6న పీసీకి, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్‌లకి వచ్చింది. కథ జరిగేది 2330లో. మనుషులు భూమిని వదిలి నక్షత్రాల మధ్య స్థిరపడ్డారు. వందకి పైగా నక్షత్ర వ్యవస్థలు, 1000కి పైగా గ్రహాలు. సిరీస్ ఎక్స్‌లో 16 జీబీ మెమరీ, అంటే పాత 360కి 32 రెట్లు. డైలాగుల లెక్క కూడా చూడండి: స్కైరిమ్‌లో దాదాపు 60 వేల లైన్లు ఉంటే, స్టార్‌ఫీల్డ్‌లో 2.5 లక్షలకి పైనే.

కాగితం మీద పోటీయే లేదు. స్టార్‌ఫీల్డ్ నాకౌట్ చేసేసింది. కానీ ఇప్పుడు రెండు గేముల్లో ఒకే పని చేసి చూద్దాం: ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్దాం.

రివర్‌వుడ్ నుంచి వైట్‌రన్ దాకా

స్కైరిమ్ మొదలవగానే ప్రాణాలతో బయటపడి రివర్‌వుడ్ అనే చిన్న పల్లెకి చేరతారు. అక్కడి నుంచి వైట్‌రన్ అనే పట్టణానికి వెళ్లి డ్రాగన్ గురించి కబురు చెప్పాలి. పని అంతే. నడిస్తే కొద్ది నిమిషాల దారి.

పల్లెలో నిలబడి తలెత్తితే కొండ మీద నల్లటి రాతి కమానులు కనిపిస్తాయి. అది బ్లీక్ ఫాల్స్ బారో, పాత సమాధి. ఎవరూ వెళ్లమనలేదు. కానీ అది అక్కడ కనిపిస్తూ ఉంటుంది, మనల్ని గోకుతూ ఉంటుంది. సరే, వద్దనుకుని వంతెన దాటి నది పక్కన కిందికి దిగుతారు. నీళ్ల హోరు, మలుపులు. చెట్లు పలచబడి ఒక్కసారిగా పెద్ద మైదానం, మధ్యలో గుట్ట మీద వైట్‌రన్ కోట. ఇంకాస్త ముందుకెళ్తే పొలంలో కొందరు యోధులు ఒక రాక్షసుడితో కొట్టుకుంటుంటారు. మీరు సాయం చేయొచ్చు, చూస్తూ నిలబడొచ్చు. ఏం చేసినా వాళ్లలో ఒకామె వచ్చి మీతో మాట్లాడుతుంది. అలా కంపానియన్స్ అనే దళం గురించి తెలుస్తుంది, దాంతో ఇంకో పెద్ద కథకి తలుపు తెరుచుకుంటుంది.

గమనించారా? మీరు బయల్దేరింది ఒక కబురు చెప్పడానికి. దారిలోనే గేమ్ మీకు మూడు కొత్త పనులు అంటించింది, అదీ ఒక్క మెనూ తెరవకుండా.

ఇంకో ఉదాహరణ హై హ్రోత్‌గార్. కొండ కొమ్మున ఉండే సన్యాసుల మఠం. దానికి 7000 మెట్లని పేరు. కింద ఊళ్లో ఒకాయన "ఎలాగూ పైకి వెళ్తున్నావ్ కదా, ఈ సరుకులు మఠంలో ఇచ్చెయ్" అంటాడు. దారిలో యాత్రికులు, రాతి పలకల మీద చెక్కిన పాత కథ, మంచులో కాపు కాసిన ట్రోల్. అలిపిరి నుంచి నడిచి తిరుమల ఎక్కినవాళ్లని అడగండి, మోకాళ్ల పర్వతం గురించి చెప్పకుండా దర్శనం దాకా రారు. ఇదీ అంతే. పైకి చేరేసరికి ఆ మఠం మీకు ముఖ్యమైపోతుంది, ఎందుకంటే కష్టపడి వచ్చారు కాబట్టి.

న్యూ అట్లాంటిస్ నుంచి అకిలా సిటీ దాకా

ఇప్పుడు స్టార్‌ఫీల్డ్. న్యూ అట్లాంటిస్ అనే రాజధానిలో ఉన్నారు. ఇంకో నక్షత్రం దగ్గరున్న అకిలా సిటీకి వెళ్లాలి.

మ్యాప్ తెరవండి. షయాన్ వ్యవస్థని ఎంచుకోండి. బటన్ నొక్కి పట్టుకోండి. గ్రావ్ జంప్ యానిమేషన్. గ్రహం పైన తేలారు. మళ్లీ మ్యాప్. దిగే చోటు ఎంచుకోండి. ల్యాండింగ్ సీన్. ఓడలోంచి దిగే సీన్. వచ్చేశారు.

ఎన్నో కాంతి సంవత్సరాలు దాటారు. దారిలో ఏం చూశారు? మ్యాప్. కొన్నిసార్లు కక్ష్యలో ఒక దొంగల ఓడో, వ్యాపారి ఓడో పలకరిస్తుంది, కాదనను. కానీ "అదేంటో అటు కనిపిస్తోంది, వెళ్లి చూద్దాం" అనే క్షణం ఈ ప్రయాణంలో పుట్టదు. గ్రహం మీద నుంచి అంతరిక్షంలోకి మీరే నడుపుకుంటూ ఎగరడం కూడా లేదు, అది ఒక సీన్‌గా వచ్చి పోతుంది.

విచిత్రం ఏంటంటే, గమ్యం బాగుంటుంది. అకిలా సిటీలో అడుగుపెట్టగానే బ్యాంకులో దొంగలు జనాన్ని బందీలుగా పట్టుకుని ఉంటారు, మాటలతో లొంగదీయాలా తుపాకీతోనా అన్నది మీ ఇష్టం. చేత్తో రాసిన మంచి సన్నివేశం అది, వైట్‌రన్ పొలంలో రాక్షసుడి లాంటిదే. తేడా అల్లా, అక్కడ అది దారిలో తారసపడింది, ఇక్కడ స్టేషన్‌లో రైలు దిగితే ఎదురొచ్చింది.

నా మటుకు అసలు పాయింట్ ఇదే: స్కైరిమ్‌లో దారే గేమ్. స్టార్‌ఫీల్డ్‌లో దారి ఒక మెనూ.

స్కైరిమ్‌లోనూ ఫాస్ట్ ట్రావెల్ ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ మీరు ఒకసారి కాళ్లతో వెళ్లి కనిపెట్టిన చోట్లకే. పెద్ద పట్టణాలకి గుర్రబ్బండి ఉంటుంది, మిగతావన్నీ మొదటిసారి నడక దారే. అంటే అక్కడ షార్ట్‌కట్ మీరు సంపాదించుకునేది, ఇక్కడ ప్రయాణమే షార్ట్‌కట్.

కోడ్ లోపల ఏం జరుగుతోంది?

ఇది బద్ధకం వల్ల వచ్చిన తేడా కాదు. సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా చూస్తే రెండూ వేర్వేరు సమస్యలకి వేర్వేరు పరిష్కారాలు.

స్కైరిమ్ బయటి ప్రపంచం మొత్తం గళ్ల కాగితంలా సెల్స్‌గా విడగొట్టి ఉంటుంది. మీరు నిలబడ్డ గడి చుట్టూ 5 బై 5, అంటే 25 గడులే పూర్తి వివరాలతో మెమరీలో ఉంటాయి. మీరు కదిలేకొద్దీ ముందు గడులు లోడ్ అవుతాయి, వెనకవి తీసేస్తారు. దూరంగా కనిపించే కొండలు తక్కువ వివరాలున్న బొమ్మలు. 512 ఎంబీలో అంత ప్రపంచం పట్టడానికి ఉన్న రహస్యాల్లో ఇదొకటి. ప్రతి గడినీ ఒక డిజైనర్ కూర్చుని సర్దాడు కాబట్టి, పల్లెలోంచి సమాధి కమానులు కనపడాలి అని ముందే ప్లాన్ చేయగలిగారు.

1000 గ్రహాలకి అలా ఎవరూ సర్దలేరు. అందుకే స్టార్‌ఫీల్డ్‌లో మీరు గ్రహం మీద ఎక్కడ దిగితే దాని చుట్టూ కొంత మేర నేలని ప్రోగ్రామ్ తయారు చేస్తుంది. ఆ నేల మీద, ముందే చేత్తో తయారుచేసి పెట్టుకున్న స్థావరాలు, ల్యాబ్‌లు, గనుల్లోంచి కొన్నింటిని తీసి అక్కడక్కడా పెడుతుంది. ఆ మేర అంచుకి నడిచి వెళ్తే ఇక ముందుకి దారి లేదని మెసేజ్ వస్తుంది, ఓడెక్కి ఇంకోచోట దిగాలి.

ఇక్కడే బీటెక్‌లో చదువుకున్న బర్త్‌డే పారడాక్స్ గుర్తు తెచ్చుకోండి. లెక్క కోసం అనుకుందాం: అలాంటి రెడీమేడ్ స్థలాలు 100 ఉన్నాయి, ప్రతిసారీ వాటిలో ఒకటి సమాన అవకాశంతో వస్తుంది. చూసిందే మళ్లీ తగలడానికి 100 సార్లు తిరగక్కర్లేదు. 13 చోట్లకి వెళ్లేసరికే, ఏదో ఒకటి రెండోసారి చూసి ఉండే అవకాశం 50 శాతం దాటిపోతుంది. గ్రహాల సంఖ్య వెయ్యి అయినా లక్ష అయినా ఈ లెక్క మారదు. మారాలంటే చేత్తో చేసిన స్థలాలే పెరగాలి.

ఆడినవాళ్లకి అబాండన్డ్ క్రయో ల్యాబ్ అంటే నవ్వొస్తుంది, కారణం ఇదే. మొదటిసారి భయపెడుతుంది. రెండోసారి వేరే నక్షత్రం దగ్గర అదే కారిడార్, అదే గదిలో అదే నోట్. ఒకే ఫ్లోర్ ప్లాన్‌తో కట్టిన గేటెడ్ కమ్యూనిటీలో బ్లాక్ ఏ నుంచి బ్లాక్ డికి వెళ్లినట్టు ఉంటుంది. ఆ క్షణంలో గెలాక్సీ సైజు తగ్గిపోతుంది. మిగతా 990 గ్రహాలు చూడాలన్న ఆశ కూడా దాంతోపాటే పోతుంది.

స్కైరిమ్ శిథిలాలన్నీ వేర్వేరు అని అనడం లేదు. రాళ్లు, తలుపులు, డ్రాగర్ శవాలు అవే రిపీట్ అవుతాయి. కానీ ఆ ముక్కలతో ఒక్కో చోటూ వేరుగా కట్టారు, చాలావాటిలో చిన్న కథ పెట్టారు, పని అయ్యాక అడ్డదారిలో మళ్లీ వాకిట్లోకి తెచ్చి వదిలారు.

మనుషులు, నైపుణ్యాలు

ఇంకో రెండు తేడాలు త్వరగా చెప్తా.

స్కైరిమ్ జనానికి దినచర్య ఉంటుంది. పగలు కమ్మరి కొలిమి దగ్గర ఉంటాడు, రాత్రి ఇంటికెళ్లి పడుకుంటాడు. అర్ధరాత్రి కొట్టుకెళ్తే తాళం వేసి ఉంటుంది. ఆ తాళం వల్లే దొంగతనానికి అర్థం వచ్చింది. స్టార్‌ఫీల్డ్‌లో కొట్లు దాదాపు 24 గంటలూ తెరిచే ఉంటాయి, అమ్మేవాళ్లు అక్కడే నిలబడి ఉంటారు. ఆడేవాడికి సౌకర్యమే, కానీ ఊరు ఊరులా అనిపించదు. డైలాగులు నాలుగు రెట్లు పెరిగినా మనుషులు అంత పెరగలేదు.

స్కైరిమ్‌లో 18 నైపుణ్యాలు. ఏది వాడితే అది పెరుగుతుంది. విల్లు వేస్తే విలువిద్య, జేబులు కొడితే జేబుదొంగతనం. మొదటి రోజు నుంచే ఏదైనా ప్రయత్నించొచ్చు, బాగా దొరికిపోతారు, అంతే. స్టార్‌ఫీల్డ్‌లో 82 నైపుణ్యాలు. లెవెల్ పెరిగినప్పుడు పాయింట్ పెట్టాలి, తర్వాత ఒక చాలెంజ్ పూర్తి చేస్తేనే పై ర్యాంక్. జేబు కొట్టాలన్నా, ఓడలో శత్రువు ఇంజిన్‌కి గురిపెట్టాలన్నా ముందు పాయింట్ కట్టాలి. క్యారెక్టర్‌ని ప్లాన్ చేసుకునేవాళ్లకి ఇది నచ్చుతుంది, చేస్తూ నేర్చుకునేవాళ్లకి చిరాకు.

మరి స్టార్‌ఫీల్డ్ దండగా?

అస్సలు కాదు. స్కైరిమ్ చేయలేని పనులు కొన్ని అది చాలా బాగా చేస్తుంది.

ఓడ కట్టుకోవడం. కాక్‌పిట్, ఇంజిన్లు, ఆయుధాలు, గదులు అన్నీ లెగో ముక్కల్లా తగిలించి మీ డిజైన్ మీరే చేసుకుని, దాని లోపలే నడవొచ్చు. నేను రెండు శనివారాలు కథ ముట్టుకోకుండా దీంతోనే గడిపా.

పోరాటం. స్కైరిమ్‌లో కత్తి దూదిని కొట్టినట్టు ఉంటుందని ఫ్యాన్సే ఒప్పుకుంటారు. స్టార్‌ఫీల్డ్ తుపాకులు బరువుగా, కచ్చితంగా ఉంటాయి. గురుత్వం లేని చోట కాల్చుకోవడం అయితే వేరే లెవెల్.

కొన్ని మిషన్లు. ఎంటాంగిల్డ్ అనే మిషన్‌లో ఒకే పరిశోధనా కేంద్రం రెండు రూపాల మధ్య మీరు అటూ ఇటూ మారుతూ ఉంటారు. అది చేత్తో చేసింది, ఒక్కచోటే వస్తుంది, అందుకే గుర్తుండిపోతుంది. న్యూ గేమ్ ప్లస్‌ని కథలోనే భాగం చేసిన తీరు కూడా తెలివైనదే.

ఇంకో చిన్న విషయం. క్యారెక్టర్ తయారుచేసేటప్పుడు కిడ్ స్టఫ్ అనే లక్షణం ఎంచుకుంటే మీ అమ్మానాన్నలు బతికే ఉంటారు, వెళ్లి పలకరించొచ్చు. బదులుగా మీ డబ్బులో కొంత భాగం ఇంటికి దానంతటదే వెళ్తుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేను చేస్తున్నదీ అదే కాబట్టి, ఆలోచించకుండా టిక్ పెట్టేశా.

స్కైరిమ్ కూడా విడుదలైనప్పుడు శుద్ధపూస ఏం కాదు. ప్లేస్టేషన్ 3 మీద సేవ్ ఫైల్ పెరిగేకొద్దీ గేమ్ నత్తనడక నడిచేది. ఒక ప్యాచ్ తర్వాత డ్రాగన్లు వెనక్కి ఎగిరాయి. మనం ఇప్పుడు చూస్తున్నది ఏళ్ల తరబడి ప్యాచ్‌లు, మోడ్స్ పడ్డ స్కైరిమ్. ఫర్‌గాటెన్ సిటీ అనే ఫ్యాన్ మోడ్ అయితే 2021లో సొంత గేమ్‌గానే విడుదలైంది. 2012 ఫిబ్రవరిలోనే మోడింగ్ టూల్స్ ఇవ్వడం దీనికి పునాది.

స్టార్‌ఫీల్డ్ కూడా మారుతోంది. 2024 మేలో సిటీ మ్యాప్‌లు, సిరీస్ ఎక్స్ మీద 60 ఎఫ్‌పీఎస్ ఆప్షన్ వచ్చాయి. జూన్‌లో మోడింగ్ టూల్స్, ఆగస్టులో గ్రహాల మీద తిరగడానికి బండి. సెప్టెంబర్ 30న షాటర్డ్ స్పేస్ అనే పెద్ద విస్తరణ. అందులో కథ దాదాపు మొత్తం ఒకే గ్రహం మీద, చేత్తో తీర్చిన ప్రాంతంలో జరుగుతుంది. దానికి స్టీమ్‌లో మంచి రివ్యూలు రాలేదు, అది వేరే విషయం. కానీ 1000 గ్రహాలు చేసిన స్టూడియో మళ్లీ ఒక్క గ్రహానికి రావడం చూస్తే, లోపం ఎక్కడుందో వాళ్లకీ తెలిసిందనే నాకనిపిస్తుంది.

మీ పీసీ ఏమంటోంది?

స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్‌కి 8 జీబీ ర్యామ్, 12 జీబీ ఖాళీ, 2010 నాటి జీటీఎక్స్ 470 స్థాయి కార్డ్ కనీస అవసరం. స్టార్‌ఫీల్డ్‌కి 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1070 టీఐ లేదా ఆర్‌ఎక్స్ 5700 కార్డ్, 125 జీబీ ఖాళీ కావాలి. అదీ ఎస్‌ఎస్‌డీ మీదే. హార్డ్ డిస్క్ మీద ఆడదామనుకుంటే మానుకోండి.

రోజుకి 2 జీబీ మొబైల్ ప్లాన్ మీద నెట్టుకొచ్చేవాళ్లకి ఇంకో లెక్క: 125 జీబీ అంటే రెండు నెలల డేటా. స్కైరిమ్ ఆరు రోజుల్లో దిగిపోతుంది.

ఎవరు ఏది ఆడాలి?

పాత ల్యాప్‌టాప్, తక్కువ బడ్జెట్ ఉంటే స్కైరిమ్. ఆలోచించొద్దు.

దారి తప్పడం మీకు ఇష్టమైతే స్కైరిమ్.

ఓడలు డిజైన్ చేయడం, తుపాకులు, సైన్స్ ఫిక్షన్ ఇష్టమైతే స్టార్‌ఫీల్డ్. కానీ ఒక్క సలహా: గ్రహాలన్నీ చూసేయాలని పెట్టుకోకండి. ఫ్యాక్షన్ల మిషన్లు, పెద్ద నగరాలు పట్టుకుని ఆడండి. చేత్తో చేసిన భాగమంతా అక్కడే ఉంది.

స్టార్‌ఫీల్డ్ కోసమే గ్రాఫిక్స్ కార్డ్ మారుద్దామనుకుంటే మాత్రం ఆగండి. ఆ డబ్బు ఇంకో అవసరానికి వాడుకోండి.

మా తమ్ముడికి చివరికి ఇదే చెప్పా: రెండూ ఆడు, కానీ స్కైరిమ్ ముందు. వారం తర్వాత ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చావురా అంటే, "అన్నా, వైట్‌రన్ ఇంకా వెళ్లలేదు. దారిలో ఒక గుహ కనిపిస్తే లోపలికెళ్లా" అన్నాడు.

కొత్త కార్డ్, కొత్త ప్రాసెసర్, వాడు ఆడుతున్నది 2011 నాటి గేమ్. డబ్బులు దండగని మాత్రం అనుకోవట్లేదు.